చూద్దాం లేప్పా

బాగేపల్లి సీమలో ఎవరూ మొహం మీద వద్దు అనరు. మంచం వాలుస్తారు, టీ ఇప్పిస్తారు, మనం చెప్పేదంతా వింటారు. చివరికి ఒక్క మాట అంటారు: "చూద్దాం లేప్పా." వ్యాపారంలో కొత్తగా దిగిన రోజుల్లో ఆ మాట నాకు సగం బేరం కుదిరినట్టే వినిపించేది. పుస్తకంలో పేరు, ఫోను నంబరు రాసుకుని పక్కన టిక్కు కొట్టుకునేవాణ్ణి. ఆ టిక్కుల వెనక మూడేళ్ళు పెట్రోలు కాల్చాక తెలిసింది, అది మర్యాదగా గేటు వేయడమని.

నేను అమ్మేది మల్చింగ్ పేపరు, డ్రిప్పు పైపులు, షేడ్‌నెట్, పాలీహౌసుల మీద కప్పే షీటు. అంగడి చింతామణిలో. తిరిగేది అటు చిక్కబళ్ళాపురం ద్రాక్షతోటల దాకా, ఇటు బాగేపల్లి దాటి ఆంధ్రా సరిహద్దు దాకా. కొనబోయే మనిషిని మేం 'పార్టీ' అంటాం. గట్టి పార్టీ, లూజు పార్టీ. బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు గట్టి పార్టీనే 'క్వాలిఫైడ్ లీడ్' అంటాడు. పేరేదైనా పని ఒకటే: బండి తీయకముందే ఎవరింటికి పోవాలో, ఎవరింటికి పోనక్కర్లేదో తేల్చుకోవడం. రెండోదే కష్టం.

ఆ కష్టం తప్పించుకుందామని ఒకసారి డబ్బిచ్చి లీడ్లు కొన్నాను. ఒక వెబ్‌సైటువాళ్ళు ఏడాది చందా కట్టించుకుని రోజూ నాలుగైదు ఎంక్వైరీలు పంపేవాళ్ళు. మొదటి వారంలోనే శిడ్లఘట్ట దగ్గర ఒకాయనకు ఫోను చేస్తే, "ఈ పొద్దున నుంచి నువ్వు ఏడోవాడివన్నా. నాకు కావల్సింది ఒక్క రోలు. అది కూడా నిన్ననే తెచ్చుకుంటిని" అన్నాడు. అదే పేరు ఏడుగురికి అమ్మారన్నమాట. చందా గడువు అయిపోయేదాకా ఆ ఎంక్వైరీల వైపు మళ్ళీ చూడలేదు. అప్పటి నుంచి ఉచితంగా దొరికేవాటితోనే పని చేసుకుంటున్నాను.

మొదటిది గూగుల్ మ్యాప్సు. నర్సరీ అని కొడితే చాలదా అంటారు. చాలదు. మాది మూడు భాషల నేల. నోట్లో తెలుగు, బోర్డు మీద కన్నడం, మ్యాపులో ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు కూడా ఒక తీరుగా ఉండదు. చింతామణిలో 'టి' పక్కన 'హెచ్' పెట్టేవాడొకడు, పెట్టనివాడొకడు. బాగేపల్లి చివర 'ఐ' రాసేవాళ్ళు, 'వై' రాసేవాళ్ళు. శిడ్లఘట్ట ఒకచోట 'ఎస్'తో, ఒకచోట 'ఎస్ హెచ్'తో. చిక్కబళ్ళాపురానికైతే నాకు తెలిసి నాలుగు రూపాలున్నాయి. ఒక్కో రూపానికి ఒక్కో అంగడి పైకి తేలుతుంది. నేను ఒక కాగితం మీద ఊళ్ళ పేర్లన్నీ ఎన్ని రకాలుగా రాయొచ్చో రాసుకుని, కన్నడ లిపిలో కూడా కలిపి, ఒక్కొక్కటీ వెతికాను. బెంగళూరు కంపెనీ సేల్స్‌మన్‌కు దొరకని నర్సరీలు నాకు అలాగే దొరికాయి. వాళ్ళు ఒక్క స్పెల్లింగుతో ఆగిపోతారు.

దొరికాక ఫొటోలు చూడాలి. కొత్త ఫొటోలు పడుతుంటే అంగడి నడుస్తున్నట్టు. చివరి రివ్యూ మూడేళ్ళ కిందటిదైతే ముందు ఫోను చేసి కనుక్కోవడం మేలు. ఇంకొక గమ్మత్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషను ఉన్నవాళ్ళు ఆ నంబరును బోర్డు మీద రాయాలని రూలు. ఫొటోను పెద్దది చేస్తే చాలాసార్లు ఆ పదిహేను అక్షరాలూ చదవొచ్చు. 29తో మొదలైతే కర్ణాటక, 37తో అయితే ఆంధ్రా. దాన్ని జీఎస్టీ వెబ్‌సైటులో వేస్తే రిజిస్ట్రేషను ఏనాటిదో, ఇప్పుడు బతికుందో రద్దయిందో, రిటర్నులు వేస్తున్నారో లేదో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. ఉద్దర అడిగే డీలరు విషయంలో నేను మొదట చేసే పని ఇదే. ఆయన మాట తీపిగా ఉందా అన్నది తర్వాతి సంగతి.

రెండోది ఆకాశం నుంచి చూడటం. గూగుల్ ఎర్త్ ప్రో అనే ప్రోగ్రాముకు ఒకప్పుడు ఏడాదికి 399 డాలర్లు కట్టాల్సి వచ్చేది. 2015 జనవరిలో ఉచితం చేశారు. మేనల్లుడు వదిలేసిన పాత లాప్‌టాప్‌లో అదే నా ఆస్తి. చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల పాలీహౌసులు పైనుంచి తెల్లటి పలకల్లా కనిపిస్తాయి. 2014లో మొదలైన కృషి భాగ్య పథకంతో ఊరూరా వచ్చిన కృషి హొండలు, అంటే పొలాల్లోని నీటి గుంటలు, చతురస్రాల్లా మెరుస్తాయి. ఆ ప్రోగ్రాములో పాత సంవత్సరాల బొమ్మలకు వెనక్కి పోయే వీలుంది. ఈ పలక ఎప్పుడు పుట్టిందని వెనక్కి జరుపుకుంటూ పోతే, ఒక ఏడాది బొమ్మలో ఖాళీ పొలం కనిపిస్తుంది. అంటే షీటు వేసింది ఆ తర్వాతే. ఎండకు ఆ షీటు సాధారణంగా మూడు నాలుగేళ్ళు ఆగుతుంది. లెక్క వేసుకుంటే ఎవరి కప్పు ఈ వేసవికి చిరగబోతోందో రైతుకంటే ముందు నాకు తెలుస్తుంది. నాకు తెలిసిన గట్టి పార్టీ అంటే ఇదే. వచ్చే అవసరానికి తేదీ కూడా ఉంటుంది.

ఎప్పుడూ కుదురుతుందని కాదు. ఒకసారి గుడిబండ దారిలో మహా గొప్ప పాలీహౌసు అనుకుని శాంపిల్ షీటు చంకన పెట్టుకుని పోతే, అది రేకుల కప్పు వేసిన కల్యాణమంటపం. లోపల ఎవరిదో నిశ్చితార్థం. భోజనం చేసి వచ్చాను.

ఆ పొలం ఎవరిదో ఎలా కనుక్కుంటావని మేనల్లుడు అడిగాడు. సర్వే నంబరు పట్టుకుంటే 'భూమి' అనే సర్కారు వెబ్‌సైటులో పహణీ, అంటే పొలం రికార్డు, చూడొచ్చు, పేరు దొరుకుతుంది. నేను ఆ దారి పోను. పహణీలో పేరొక్కటే కాదు, ఆ పొలం మీద ఉన్న బ్యాంకు అప్పు కూడా కనిపిస్తుంది. ఒకాయన అప్పు లెక్క కడుపులో పెట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడి నవ్వడం నాకు చేతకాదు. ఊరి మొగదల టీ అంగడిలో "ఆ తెల్ల షెడ్డు ఎవరిదప్పా?" అంటే పేరుతోపాటు ఆయన ఎప్పుడు ఇంట్లో ఉంటాడో కూడా చెప్తారు.

మూడోది ధరలు. కర్ణాటక మార్కెట్లలో రోజూ పలికే రేట్లు కృషి మారాట వాహిని వెబ్‌సైటులో ఉంటాయి. దేశమంతటి లెక్క అగ్‌మార్క్‌నెట్‌లో. చింతామణి, కోలారు, సరిహద్దు అవతల మదనపల్లె, ఈ మూడు చోట్ల టమాటా రేటు వారం రోజులు వరసగా పెరిగితే నేను గోడౌను నింపుకుంటాను. రేటు చూసి రైతు నర్సరీకి పోతాడు, నారుకు చెప్తాడు, నాటుకు ముందు మల్చింగ్ పేపరు కావాలి, ఎకరాకు అయిదారు రోళ్ళు. 2023 జూలైలో 15 కిలోల బాక్సు 2 వేలు దాటినప్పుడు నేను ఎవరినీ వెతుక్కోలేదు, వాళ్ళే అంగడి ముందు నిలబడ్డారు. సెప్టెంబరుకల్లా ధర కూలింది. అప్పుడు నాటిన తోటల్లో కోత కూలి కూడా గిట్టక కాయి చెట్టు మీదే వదిలేసినవాళ్ళున్నారు. ఆ పేపరు నేను అమ్మిందే. నాకు మంచి బేరం తగిలిన రోజే వాళ్ళ నష్టానికి విత్తనం పడింది. ఈ లెక్క ఏ యాపూ చూపించదు. ఇప్పుడు రేటు చూసి ఎగబడి వచ్చినవాళ్ళతో, "ఇంకెంతమంది నాటుతున్నారో నర్సరీలో అడిగి రా అన్నా" అంటాను. కొందరు తిరిగి రారు. రాకపోతే మానె.

పార్టీ గట్టిదో కాదో తేల్చడానికి అమెరికాలో ఐబీఎం కంపెనీవాళ్ళు తమ సేల్స్‌మన్లకు నాలుగు ప్రశ్నలు నేర్పించారట: డబ్బుందా, నిర్ణయం ఎవరిది, అవసరముందా, ఎప్పటికి కావాలి. నాలుగింట్లో మా దగ్గర తలనొప్పి తెచ్చేది రెండోది. ఫోనులో "ధర ఎంత?" అని మెసేజి పెట్టేది యూట్యూబు చూసే కొడుకు. డబ్బు బీరువా తాళం తండ్రి దగ్గర. ఆ తండ్రి రాత్రి ఎవరిని అడిగి పొద్దున ఔనంటాడో మనకు తెలియదు. అందుకే కొడుకు మెసేజికి ధర చెప్పి ఊరుకోను. "నాన్న ఇంట్లో ఉండే పొద్దు చెప్పు, అమ్మ కూడా ఉంటే మంచిది" అంటాను. గట్టి పార్టీకి ఇంకో గుర్తు కూడా ఉంది: ధరను తిడతాడు. తిట్టేవాడు లెక్క వేసుకున్నవాడు. పొగిడి పంపేవాడు చూద్దాం లేప్పా.

ఇదేం కొత్త విద్య కాదు. మా తాలూకాలోని కైవారంలో 1836లో సమాధి పొందిన యోగి నారేయణ తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన మహానుభావుడు, సంసారంలో ఉన్నప్పుడు గాజులమ్మేవాడు. మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగే గాజులాయనకు ఏ ఇంట పెళ్ళి కుదిరిందో, ఏ పిల్లకు శ్రీమంతమో, ఎవరి చేతికి ఏ కొలతో తెలిసి ఉండాలి. తెలియకుండా పోతే భుజం నొప్పే మిగులుతుంది. తాతయ్య మనసు వ్యాపారం మీద లేదని, ఇంట్లో దానికి గొడవలయ్యేవని చెప్పుకుంటారు. ఆయన సంగతి వేరు. కానీ మిగతా గాజులవాళ్ళ బుర్రలో ఉన్న ఖాతా పుస్తకమే మనం ఇవాళ ఫోనులో పెట్టుకుంటున్నది.

నా ఖాతా వాట్సాప్ బిజినెస్‌లో ఉంది. 2018లో వచ్చిందా యాపు, ఉచితం. అందులో ఒక్కో మనిషికి రంగు చీటీ అంటించుకోవచ్చు. వాళ్ళిచ్చిన ఇంగ్లీషు పేర్లు తీసేసి నావి పెట్టుకున్నాను: 'నాటు ఉంది', 'కాయి దిగినాక', 'ఉద్దర', 'చూద్దాం లేప్పా'. ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. బ్రాడ్‌కాస్టు మెసేజి మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. దాన్ని లోపమని తిట్టుకుంటారు. నాకది వరం. నా పేరు ఫోనులో రాసుకోనివాడికి నా ధరలతో పనేముంది? అందుకే ఎవరి దగ్గరికి పోయినా చివరికి అడిగేది ఆర్డరు కాదు, "నా నంబరు సేవ్ చేసుకోండన్నా" అని. కొందరు అక్కడే చేసుకుంటారు. కొందరు "ఇంటికి పోయి చేసుకుంటాం లేప్పా" అంటారు.

ఈ వారం నా ఖాతాలో 41 పేర్లు చేరాయి. 36 కొట్టేశాను. మిగిలిన అయిదుగురిలో ముగ్గురు బాగేపల్లి దారిలోనే ఉన్నారు. రేపు పొద్దున బండి తీసేది అటే.