"సోది" అని కొట్టేసిన భాగం

పిహెచ్.డి. కోసం అమ్మమ్మతో మాట్లాడి రికార్డు చేసుకున్నదాంట్లో ఒక భాగాన్ని ఎత్తి రాసుకోకుండా వదిలేశాను. నోట్‌బుక్కులో దాని పక్కన "సోది" అని నేనే రాసుకున్నాను. ఈ మధ్య మళ్ళీ విన్నాను. అందులో అమ్మమ్మ చెప్తున్నది అక్షరాలా సోదె గురించే!

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. హంసలదీవి దగ్గర ఊళ్ళో అమ్మమ్మ నాలుగేళ్ళ కొడుకు పోయాడు. శవం దొరకలేదు. అంత చిన్నవాడికి కర్మకాండ ఉండదన్నాడు పురోహితుడు. మాఘ పౌర్ణమికి సంగమంలో మునిగితే మనశ్శాంతి అన్నారు ఇంకెవరో. అందరి పాపాలూ మోసి నల్లబడిన గంగ కాకి రూపంలో తిరిగి తిరిగి, ఇక్కడ మునిగి హంస అయిందని స్థలపురాణం. "బిడ్డను మింగిన నీళ్ళలో నేను మునగడమేంటే?" అంటుంది అమ్మమ్మ. ఎరుకలామె వస్తే చేటలో బియ్యం పోసి సోదె అడిగింది. పిల్లాడు ఆమె నోట పలికాడట, చలేస్తోందన్నాడట. నమ్మావా అని అడిగాను. "అందరికీ అట్టాగే చెబుద్ది, నాకు తెలవదా? కానీ వాడి గురించి అంతసేపు మాట్టాడింది ఆవిడొక్కతే."

సోదె, సోది ఒకే మాట. చనిపోయినవాళ్ళను పలికించే ఆడదాని మాట, పనికిమాలిన వాగుడికి పేరైపోయింది. "ఎరుక" గతీ అంతే. తత్త్వకవి పాడితే అది జ్ఞానం, గంప నెత్తిన పెట్టుకున్న స్త్రీ చెబితే మూఢనమ్మకం. పద్మావతి తల్లిని ఒప్పించడానికి శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషం కట్టాల్సి వచ్చింది. ఆ ఘట్టాన్ని భక్తిగా చదువుకుంటాం. ఆ వేషం అసలెవరిదో వాళ్ళ మీద మాత్రం నేరస్థ జాతుల చట్టం పడింది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది. తిరగడమే నేరమైనచోట ఊరూరా తిరిగి చెప్పే విద్య ఏం కావాలి? వ్యవస్థీకృత మతానికి ప్రత్యామ్నాయం అని మనం సెమినార్లలో తేలిగ్గా అనే దాన్ని, ఇక్కడ మతసంస్థే కాపలా కాసింది.

అంతకు ముందే, 1882లో, బ్లావట్‌స్కీ, ఆల్కాట్ బకింగ్‌హాం కాలవ మీద పడవలో బయల్దేరి గుంటూరు దాకా వచ్చారు. అదృశ్య మహాత్ముల ఉత్తరాల సంగతి చదువుకున్నవాళ్ళు శ్రద్ధగా విన్నారు. దాన్నెవరూ సోది అనలేదు. (మోసకత్తె అన్న మాట మాత్రం 1885లో ఆమెకూ తప్పలేదు. ఆడది కదా.)

మన సాహిత్య విమర్శ ఇంతకంటే మెరుగ్గా ఉందా? 1950లో చలం అరుణాచలం వెళ్ళిపోవడం మీద ఎంత రాసుకున్నాం! "మైదానం" రాసినవాడు ఇలా ఎలా అయ్యాడని వాపోయాం, సమర్థించాం. నేను చదివినంతలో ప్రశ్నంతా చలం గురించే. కూతురు సౌరిస్‌ను ఆయన ఆధ్యాత్మికంగా తనకంటే ముందున్న మనిషిగా ఒప్పుకున్నారు. తండ్రి కూతురి వెనక నడవడం మన కుటుంబాల్లో చిన్న తిరుగుబాటేం కాదు. అయినా విమర్శలో ఆమె ఒక ఫుట్‌నోటు, లేదంటే చలం బలహీనత. సౌరిస్ విన్నది నిజమని నేననడంలేదు. నేను నాస్తికురాలినే. ఒక స్త్రీ నాకు వినిపించిందన్నప్పుడు ఏం వినిపించిందని అడగకుండానే తీర్పు చెప్పడం, స్త్రీవాదులమైన మనకెలా అలవాటైందన్నదే నా ప్రశ్న. నేను చేసిందీ అదే కదా.

అలాగని సోదెను అక్కచెల్లెళ్ళ కూటమిగా చూపించి మురిసిపోవడం కూడా నాకిష్టం లేదు. ఆ రోజు ఎరుకలామె కూర్చున్నది అరుగు మీద కాదు, కింద, వాకిట్లో. కొడుకు గొంతు ఆమె నోట విని, చెయ్యి పట్టుకుని ఏడ్చిన అమ్మమ్మ, ఆమె అటు వెళ్ళగానే ఆమె కూర్చున్నచోట పేడనీళ్ళు చల్లింది. దాన్ని టేపులో చాలా మామూలుగా చెప్తుంది, అన్నం వార్చాను అన్నట్టు.

ఆమె పేరేంటని నేనక్కడ అడగనేలేదు. "తర్వాత పెళ్ళిపాటల గురించి చెప్పమ్మమ్మా" అంటోంది నా గొంతు.