టిక్కెట్టు కొనువాని పూచీ

నాటకమునందలి దోషములను విమర్శించునపుడు మనము కవిని నిందింతుము, నటుని నిందింతుము. సొమ్మిచ్చి టిక్కెట్టు కొన్న ప్రేక్షకుని మాత్రము విడిచిపెట్టుదుము. ఇది న్యాయము కాదు. తునివంటి యూర నాటక మాడించువాడు మొదట నాలోచించునది కవి యాశయమును గాదు. నేల, బెంచీ, కుర్చీ టిక్కెట్లు ఏ రంగమును జూపిన నమ్ముడుపోవునో దానినే.

ఇందులకు ‘చింతామణి’ నాటకమే తార్కాణము. వరశుల్కమును గర్హించి ‘వరవిక్రయము’ను, మద్యపానమును గర్హించి ‘మధుసేవ’ను రచించిన కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) వేశ్యాలోలత్వమును గర్హించుటకై దీనిని రచించిరి. తునికి పొరుగుననున్న కాకినాడయే వారి నివాసము. బిల్వమంగళుడు కులసతిని మరచి వేశ్యాగృహము పాలగుటయు, తుదకు విరక్తుడై లీలాశుకు డగుటయు, చింతామణి పశ్చాత్తాపము నొందుటయు నిందలి ప్రధాన కథ. సొమ్ము పోగొట్టుకొని నవ్వులపాలగు సుబ్బిశెట్టి యందొక హాస్యపాత్రము మాత్రమే.

అయినను, కాలక్రమమున సమాజములవారు సుబ్బిశెట్టి రంగములను సాగదీసి, గ్రంథమున లేని బూతుమాటలను జేర్చిరి. ఏల? ప్రేక్షకులు వానికై యీలలు వేసిరి. వానికై టిక్కెట్లు కొనిరి. దురభ్యాసమును జూచి నవ్వవలసినవారు ఒక కులమును జూచి నవ్వజొచ్చిరి. ఆర్యవైశ్యులు నొచ్చుకొనిరి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నాటక ప్రదర్శనమును నిషేధించెను; ఆ నిషేధము ఉన్నత న్యాయస్థానమున బ్రశ్నింపబడెను.

నొచ్చినవారి బాధ కల్ల కాదు. కాని ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొందుమా? చేర్చిన బూతును దీసివేయవలసినచోట కవి వ్రాసిన సంస్కార బోధమును సయితము మూయించుట చికిత్స కాదు.

ఇంకొక మాట. ఈ నాటకమున నొక కులమువారి చిత్రణ మన్యాయమని యెలుగెత్తినవారు గలరు. మరి చింతామణి మాట యేమి? దేవదాసీలుగా, భోగమువారుగా బిలువబడిన స్త్రీలను గూర్చి నాటకము వ్రాసినవాడు పురుషుడు. పెక్కేండ్లు ఆ వేషము ధరించి కీర్తి గాంచిన స్థానం నరసింహారావుగారును, బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రిగారును పురుషులే. ఆ కులపు స్త్రీ తన కథను తాను చెప్పుకొనుట కీ రంగమున దావు దొరకలేదు. మద్రాసు రాష్ట్రమున 1947లో దేవదాసీ సమర్పణము చట్టముచేత మాన్పబడెను. రంగస్థలముమీది యపహాస్యము మాత్రము మానలేదు. బలముగలవాని నొప్పి ప్రభుత్వమునకు వినబడును. బలము లేనిదాని నొప్పి టిక్కెట్టు కొన్నవాని నవ్వులో మునిగిపోవును.

1892లో విజయనగరమున మొదట నాడబడిన ‘కన్యాశుల్కము’ను జూడుడు. గురజాడవారు తాము పుట్టిన కులపు దురాచారములనే ముందుగా నెండగట్టిరి. మధురవాణికి నందరికంటె నెక్కుడు బుద్ధి నొసంగిరి. అందలి నవ్వు నవ్వువానినే తాకును. పరిహాసమునకు బరీక్ష యిదియే: అది నన్ను దాకునా, లేక పొరుగువానిని మాత్రమే తాకునా?

కావున, చదువరులారా, మన యూరికి నాటకము వచ్చినపుడు టిక్కెట్టు గదికడ నొక ప్రశ్న యడుగుడు: కవి వ్రాసిన నాటక మాడుదురా, లేక వట్టి హాస్యరంగములనే చూపుదురా? ఈ ప్రశ్న నూరుగు రడిగిన నిషేధము లవసరము లేదు. ఒక్కరు నడుగకున్న నే నిషేధమును నాటకమును బాగుచేయజాలదు.