సెకనుకో మాట

అమెరికన్ దర్శకుడు హాలిస్ ఫ్రాంప్టన్ 1970లో తీసిన 'జోర్న్స్ లెమా' గంట నిడివి సినిమా. ఆ పేరు గణితజ్ఞుడు మాక్స్ జోర్న్ 1935లో ప్రచురించిన సూత్రానిది. సమితుల్లోని క్రమానికి సంబంధించిన ఆ సూత్రం తెలియకపోయినా సినిమా చూడ్డానికి అడ్డేమీ లేదు. ఇక్కడ గణితం కథావస్తువు కాదు, కొలబద్ద.

మొదట చీకటి తెర మీద ఒక ఆడగొంతు పిల్లల పాత వాచకంలోని అక్షరమాల పద్యాలు చదువుతుంది. అసలు పనితనమంతా ఆ తర్వాత వచ్చే 45 నిమిషాల మూకీ భాగంలో ఉంది. ఫ్రాంప్టన్ మొదట్లో స్టిల్ ఫొటోగ్రాఫర్. న్యూయార్క్ వీధుల్లో బోర్డుల మీది మాటల్ని పోగెయ్యడం అప్పుడే మొదలెట్టాడు. ఆ మాటలిక్కడ అక్షరక్రమంలో ఒక్కొక్కటి ఒక్క సెకను, అంటే 24 ఫ్రేములు, కనిపించి పోతాయి. ఐ, జె ఒకటిగా, యు, వి ఒకటిగా కలిపేసి అక్షరాలు కూడా 24 చేశాడు. చుట్టు తిరగడానికి 24 సెకన్లు.

కొన్ని చుట్లయ్యాక ఎక్స్ వంతులో మాట రాదు, మంట వస్తుంది. జెడ్ వంతులో సముద్రపు అలలు, వై వంతులో జమ్ముగడ్డి. ఇంగ్లీషులో తక్కువ మాటలకు మొదట వచ్చే అక్షరాలే ముందు ఖాళీ అవుతున్నాయని ఎవరూ చెప్పక్కర్లేదు. క్రమంగా మిగతావీ మాటలు వదులుకుంటాయి. ఒకచోట గోడకు రంగు వేస్తుంటారు, ఇంకోచోట పండు తొక్క ఒలుస్తుంటారు, మరోచోట గింజలు పడుతూ ఉంటాయి. పని ఆగినచోటి నుంచి ఒక్క సెకను సాగి మళ్లీ ఆగుతుంది. గోడ ఎంత మిగిలిందో చూడాలని మనకు తొందర. చదవడం మానేసి ఏ వంతుకు ఏ బొమ్మో గుర్తుపెట్టుకుంటూ కూర్చుంటాం. చిట్టచివరికి లొంగేది సి. దాని చోట ఎర్రటి ఐబిస్ పక్షి రెక్కలాడిస్తుంది.

ఇంత కొలత పాటించినవాడు కొన్ని షాట్లలో కావాలనే ఒక ఫ్రేము పెంచాడు, కొన్నింట్లో ఒకటి తగ్గించాడు. సెకనులో ఇరవై నాలుగో వంతు తేడా కంటికి ఆనదు. అయినా పెట్టాడు! ఈ కొంటెతనమే నాకు మహా ఇష్టం.

ఆఖరి భాగంలో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, కుక్క మంచు కప్పిన పొలం దాటుతుంటారు. వెలుతురు గురించి మధ్యయుగపు బిషప్ గ్రోస్‌టెస్ట్ రాసిన రచనను ఆరుగురు స్త్రీలు మెట్రోనోమ్ తాళానికి సెకనుకో మాట చొప్పున వంతులవారీగా చదువుతారు. వాక్యం ముక్కలై అర్థం చేజారిపోతుంది. నాకైతే ఇక్కడ తాళం మరీ బిగిసిందనిపిస్తుంది. ఫ్రాంప్టన్ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.