పొర తెలిసిన ఉలి

మార్కాపురంలో చేత్తో చీల్చిన పలక చూడండి. ఆ పలుచదనం రంపం ఇచ్చింది కాదు. వంద కోట్ల ఏళ్లు దాటిన బురద ఇది. భూమి లోతున వేడికీ ఒత్తిడికీ పగలకుండా మెల్లగా సాగింది, అభ్రకం లాంటి ఖనిజాల రేకులన్నీ ఒకే వైపుకు ఒత్తిగిలాయి. పైకొచ్చి చల్లారాక అదే రాయి సాగనంటుంది, రేకుల వెంట విడిపోతుంది. భూమిలోని భ్రంశాలదీ, అంటే రాతి పొరలు జారే పగుళ్లదీ, దాదాపు ఇదే తీరు: బాగా లోతున నెమ్మదైన పాకుడు, పైకొచ్చేకొద్దీ రాపిడి, ఉన్నట్టుండి జారుడు. పలక కొట్టే మనిషి వేళ్లకే ఈ పాఠం తెలుసు. దిమ్మె అంచున వెడల్పాటి పలుచని ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తడతాడు. ఒకేచోట బలంగా కొడితే రాయి అడ్డంగా విరుగుతుంది, అందుకే ఉలిని అంచు వెంట జరుపుతూ పోతాడు. చప్పుడు మారిందా, పగులు దారి పట్టినట్టే. ఎప్పుడూ సగానికే చీలుస్తాడు, లేకపోతే పగులు పలుచని వైపుకు వాలిపోతుంది. పలుగురాయి చార అడ్డొస్తే పంతానికి పోడు, ఇంకో అంచు చూసుకుంటాడు. ఎంత ఒడుపు! కానీ పలక కొడుతుంటే లేచే దుమ్ములో సిలికా ఉంది, ఊపిరితిత్తులకు చేటు. ఇంటికి పలక కొనేవాళ్లు, అది కొట్టేచోట పనివాళ్లకు మాస్కులు ఇస్తున్నారా, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతున్నారా అని ఒక్కమాట అడగండి.