వాడకం గుర్తులు: నమూనా ట్యాంకుకు రంగు అద్దే విద్య

యుద్ధట్యాంకును ముప్పై అయిదో వంతుకు తగ్గించి, ప్లాస్టిక్ భాగాలతో కూర్చి, దానికి సైనిక రంగు వేసి, ఆ రంగు మీద ఎండ, వాన, దుమ్ము, గ్రీజు, సైనికుల బూట్లు మిగిల్చే గుర్తులను ఒక్కొక్కటిగా తేల్చే పనిని నమూనాకారులు ‘వెదరింగ్’ అంటారు. 1:35 అనే ఈ కొలతను ఏ గణితశాస్త్రజ్ఞుడూ నిర్ణయించలేదు. జపాన్‌లోని షిజుఓకాకు చెందిన తమియా సంస్థ 1960ల మొదట్లో జర్మన్ పాంథర్ ట్యాంకు బొమ్మను మోటారుతో నడిచేలా తయారుచేసినప్పుడు, దాని పొట్టలో బ్యాటరీలు పట్టేంత వెడల్పు ఉంచగా తేలిన నిష్పత్తి అది. ఆ తరువాత లోకమంతా దాన్నే ప్రమాణంగా తీసుకుంది. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్, అమెరికాకు చెందిన షెప్ పెయిన్ 1970, 80 దశకాలలో బొమ్మగా ఉన్నదాన్ని దృశ్యకళగా మలచగా, 2000 తరువాత స్పెయిన్‌కు చెందిన మిగ్ హిమెనెస్ వంటివారు ఖనిజ రంగుపొడులనూ తైలవర్ణాలనూ ముందుకు తెచ్చి ఆ పద్ధతులను ఇంకా సూక్ష్మం చేశారు.

తెలుగువారికి బొమ్మకు రంగు వేయడం కొత్త విషయం కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపు పూత మీద మెరిసే రంగులు దిద్దుతారు. అక్కడ రంగు బొమ్మకు కొత్తదనాన్ని ఇవ్వాలి, నమూనా ట్యాంకు మీద మాత్రం అదే రంగు వయసును చెప్పాలి. పాతగా కనిపించడం వేరు, ఫలానా చోట ఫలానా కారణంగా పాతబడినట్టు కనిపించడం వేరు. ఈ రెంటికీ తేడా తెలియనివారి చేతిలో ఖరీదైన నమూనా కూడా మురికిగా మాత్రమే మిగులుతుంది.

ఆ తేడాను పుస్తకాల కన్నా బాగా నేర్పే చోటు మహారాష్ట్రలోని భివండి. తెలంగాణ జిల్లాల నుంచి వలసవచ్చిన పద్మశాలీలు పద్మనగర్ చుట్టుపక్కల స్థిరపడిన ఈ పట్టణంలో, తెలంగాణ నేతకారులు ‘సాంచెలు’ అని పిలిచే మరమగ్గాలు లక్షల్లో ఉన్నాయి. ఏళ్ల తరబడి నడిచిన ఒక సాంచెను దగ్గరగా చూస్తే, తెగిన పడుగు పోగును అతకడానికి కార్మికుడు వంగి పొట్ట ఆనించే ముందుబద్ద రంగు కోల్పోయి నున్నగా మెరుస్తుంది. మగ్గాన్ని ఆపే పిడి అరచేయి పట్టేంత మేర మాత్రమే తెల్లబడుతుంది. ఎవరి చేయీ తగలని మూలల్లో తొలినాటి రంగు అలాగే నిలిచి ఉంటుంది. బేరింగుల నుంచి కారిన నూనెకు దూదిపీచు అంటుకుని నల్లటి ముద్దలా గట్టిపడుతుంది, అయితే ఆ ముద్ద నూనె కారే దారిలోనే ఉంటుంది తప్ప పక్కకు పోదు. అరుగుదల, మెరుపు, మురికి అనే మూడింటికీ మూడు చోట్లు, మూడు కారణాలు ఉంటాయి. ట్యాంకు మీద కూడా సంగతి ఇదే: సైనికుడు ఎక్కే ఫెండరు (చక్రాల మీది రేకు) అంచు, తెరిచి మూసే హాచ్ మూత చుట్టూ ఉన్న భాగం, ఇంధనం పోసే మూతి కింద కారిన చార తమతమ కారణాలను తామే చెప్పాలి.

పని పద్ధతికి వస్తే, ముందుగా ప్లాస్టిక్ భాగాలను సబ్బునీళ్లతో కడగాలి. అచ్చు నుంచి ఊడి రావడానికి పూసిన నూనె జిడ్డు వాటి మీద మిగిలి ఉంటే రంగు పట్టదు. కూర్పు ముగిశాక ప్రైమర్ అనే పట్టుపూత పడుతుంది. దాని మీద అసలు రంగును ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో రంగును సన్నని తుంపరగా చిమ్మే పరికరంతో, పాలలా పలచన చేసి, చదరపు అంగుళానికి 15–20 పౌండ్ల ఒత్తిడిలో పలుచని పొరలుగా వేస్తారు. అసలు ట్యాంకు రంగునే తెచ్చి నమూనాకు పూస్తే అది నల్లగా, బరువుగా కనబడుతుంది. దూరం నుంచి చూసే వస్తువు రంగు మధ్యలోని గాలి వల్ల కొంత వెలిసినట్టు కనిపిస్తుంది కనుక, చిన్న నమూనాకు రంగును కొద్దిగా తెలుపు వైపు జరపడం అవసరమవుతుంది. పైభాగాలకు లేత ఛాయ, కింది భాగాలకు ముదురు ఛాయ ఇస్తే ఆకారం ఇంకా తేటపడుతుంది. దీని తరువాత మెరుపు వార్నిష్ వేసి, దళ చిహ్నాలున్న డికాల్ పొరలను అతికిస్తారు. గరుకు ఉపరితలం మీద నేరుగా అతికిస్తే కింద గాలి చిక్కి వెండిలా తెల్లగా మెరుస్తుంది కాబట్టే ఆ వార్నిష్.

ఈ విద్య మొత్తానికి కీలకం ఒక చిన్న రసాయన సూత్రం. అడుగున ఉన్నది నీటితో పలచబడే అక్రిలిక్ రంగు. అది పూర్తిగా ఆరిన తరువాత మినరల్ టర్పెంటైన్ దాన్ని కరిగించలేదు. అందువల్ల దాని మీద ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో పలుచగా కలిపి పూసి, నచ్చకపోతే అదే టర్పెంటైన్‌లో ముంచిన కుంచెతో తుడిచివేసినా అడుగు రంగు చెక్కుచెదరదు. ముదురు గోధుమ రంగులో ఇలా కలిపిన ద్రవాన్ని రివెట్లు, అతుకులు, మూలల దగ్గర సన్నని కుంచెమొనతో తాకిస్తే అది తనంతట తానే గాడిలోకి పాకి నీడలా నిలుస్తుంది. దీన్నే వాష్ అంటారు. అదే ఆయిల్ రంగుల్లో రెండు మూడింటిని చిన్న చుక్కలుగా పెట్టి, టర్పెంటైన్ తడిపిన బల్లపరుపు కుంచెతో పై నుంచి కిందికి లాగితే వానకు వెలిసిన చారలు ఏర్పడతాయి. కుంచెను అడ్డంగా లాగితే అంతా చెడుతుంది, ఎందుకంటే వాన అడ్డంగా కారదు. ఇందుకు విదేశీ సీసాలు తప్పనిసరేమీ కాదు, చిత్రకళా సామగ్రి దుకాణంలో దొరికే క్యామెల్ కంపెనీ ఆయిల్ ట్యూబు రంగులే చాలు.

పెచ్చులు లేచిన రంగును చూపడానికి స్పాంజి ముక్కతో ముదురు రంగును అద్దడం ఒక దారి. జుట్టుకు కొట్టే హెయిర్‌స్ప్రేను తుప్పు రంగు మీద పొరగా చిమ్మి, పైన అక్రిలిక్ రంగు వేసి, ఆరాక నీళ్లతో తడిపి గట్టి కుంచెతో రుద్దడం మరొకటి. హెయిర్‌స్ప్రే నీటికి మెత్తబడుతుంది కనుక పై రంగు నిజమైన పెచ్చులుగా ఊడుతుంది. ఫలితం ఎంతో నమ్మదగ్గదిగా ఉండడమే దీని ప్రమాదం. దీనికి చేయి అలవాటు పడ్డవారు ట్యాంకంతా తుప్పుపట్టించి వదులుతారు. అయితే సేవలో ఉన్న ట్యాంకుకు సైన్యం ఎప్పటికప్పుడు రంగు వేయిస్తూనే ఉంటుంది, యుద్ధంలో ఉన్నదానికి తుప్పు పట్టేంత తీరిక ఉండదు. నిజంగా తుప్పు వచ్చేది వేడికి రంగు మాడిపోయే పొగగొట్టం మీద, నేలను తాకని ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే ఉక్కు పట్టా) భాగాల మీద. నేలను తాకే ట్రాకు ముఖాలు రాపిడికి ఉక్కులా మెరుస్తాయి, అక్కడ పెన్సిలు గ్రాఫైటును వేలితో రుద్దితే చాలు. మన సైన్యం 1971 యుద్ధంలో వాడిన టి-55 ట్యాంకుకు పొగ ఎడమ ఫెండరు మీదుగా బయటికి వస్తుంది. అందువల్ల మసి ఎడమవైపే ఉండాలి. రెండువైపులా సమంగా పూసిన మసి, చేసినవాడు ఫొటో చూడలేదని చెప్పేస్తుంది.

మట్టి విషయంలో చరిత్ర జ్ఞానం కుంచె కన్నా ఎక్కువ పని చేస్తుంది. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పోరులో పాకిస్తాన్ పాటన్ ట్యాంకులు నీళ్లు వదిలిన చెరకు తోటల్లో కూరుకుపోయాయి. నిజాం కొలువులోని అశ్వికదళంలో మూలాలున్న దక్కన్ హార్స్ అనే భారత దళం షెర్మన్ ట్యాంకులతో అక్కడ పోరాడింది. ఆ పాటన్ నమూనాకు చక్రాల మీదికంటా ఎగిసిన తడి ఒండ్రుమట్టి కావాలి. రంగుపొడిని ప్లాస్టరుతోనూ అక్రిలిక్ జిగురుతోనూ కలిపి ముద్దగా పెట్టి, అంచుల్లో మెరుపు వార్నిష్ తాకిస్తే తడి కనబడుతుంది. ఆ ట్యాంకు మీద భివండి ఎర్రమొరం దుమ్ము చల్లితే రంగు ఎంత బాగా కుదిరినా నమూనా అబద్ధమే.

భివండి పాఠాలు నేర్పుతుంది గాని, పని చేయడానికి అంత అనువైన చోటు కాదు. వానాకాలపు తేమలో వార్నిష్ చిమ్మితే పొర తెల్లగా మంచుపట్టినట్టు మబ్బు కమ్ముతుంది, సాంచెల నుంచి ఎగిరే పీచు తడి రంగుకు అతుక్కుంటుంది. నేల తడిపి, కిటికీ మూసి, చిమ్మిన వెంటనే నమూనా మీద డబ్బా బోర్లించడం అక్కడ తప్పదు. వార్నిష్ పనిని వాన వెలిసిన రోజుకు వాయిదా వేయడం ఇంకా మంచిది.

తెలుగు నేల మీద తయారైన కవచవాహనాన్నే ఎంచుకోదలచినవారికి సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆయుధ కర్మాగారం 1987 నుంచి నిర్మించిన ‘సరథ్’ ఉంది. సోవియట్ బీఎంపీ-2 రూపమైన దాని పొడవు 6.7 మీటర్లు, 1:35 నమూనాలో సుమారు 19 సెంటీమీటర్లు. అసలు ట్యాంకులను కళ్లారా చూడాలంటే భివండి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహిల్యానగర్ వెళ్లాలి. గతంలో అహమద్‌నగర్‌గా పేరుపడిన ఆ ఊళ్లో 1994లో స్థాపించిన కావల్రీ ట్యాంక్ మ్యూజియంలో విజయంత, సెంచూరియన్, పట్టుబడిన పాటన్ ట్యాంకులు ఉన్నాయి. అయితే మ్యూజియం వాహనాలకు పదేపదే మందంగా వేసే రంగు యుద్ధకాలపు రంగు కాదు. అక్కడ కెమెరా పట్టినవారు పైరంగు ఛాయను పక్కనపెట్టి, చక్రాల అంచులు, ట్రాకు పిన్నులు, వెల్డింగు గీతలు, పోత ఉక్కు టరెట్ (ఫిరంగి గోపురం) మీది గరుకుదనం ఫొటోలు తీసుకుంటే మేలు.