‘ఎందుకు’ కన్నా ముందు ‘ఎప్పుడు’

ఐర్లండ్‌లో ఎవరినైనా ఎలా ఉన్నావని అడగండి, ‘గ్రాండ్’ అంటారు. బాగానే ఉన్నానని అర్థం. చెయ్యి విరిగి వచ్చినవాళ్లు కూడా ముందు ఆ మాటే అంటారు. ఎమర్జెన్సీలో పనిచేసే నన్ను ఆ మాట భయపెట్టే సందర్భం ఒకటుంది. పారాసిటమాల్ మాత్రలు మోతాదు మించి మింగినవాళ్లు ‘గ్రాండ్’ అన్నప్పుడు. వాళ్లు అబద్ధమాడటం లేదు. మొదటిరోజు చాలామందికి కాస్త వికారం తప్ప ఏమీ అనిపించదు. లోపల కాలేయం దెబ్బతింటున్న సంగతి ఒకటి రెండు రోజులకు గానీ బయటపడదు. విరుగుడు బాగా పనిచేసే వేళ అప్పటికి దాటిపోతుంది.

ఆ చలికాలపు రాత్రి వచ్చిన అమ్మాయి కూడా నర్సుతో అదే మాట అంది. చదువుకోవడానికి వచ్చిన తెలుగుపిల్ల. రూమ్మేట్ టాక్సీలో తీసుకొచ్చింది. నేను కర్టెన్ జరిపి లోపలికి వెళ్లి ‘ఏమ్మా, తెలుగేనా?’ అన్నాను. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న పిల్ల ఒక్కసారిగా కళ్లనీళ్లు పెట్టుకుంది.

‘మా ఇంట్లో చెప్పొద్దక్కా.’

‘చెప్పను. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుదువుగాని. ఎన్నింటికి వేసుకున్నావో అది చెప్పు.’

తెలీదంది. ఫోన్ తీసి చూడమన్నాను. ఆఖరి మెసేజ్ పెట్టింది ఎనిమిదీ పదికి. ఆ తర్వాతే మాత్రలు మింగింది. ఎనిమిదింబావు అని కేస్ షీటు పైన పెద్దక్షరాలతో రాసుకున్నాను.

ఏం మింగావు, ఎంత మింగావు, ఎప్పుడు మింగావు. విషవైద్యమంతా ఈ మూడు ప్రశ్నల మీదే నిలబడుతుంది. మూడింటిలో నిజం రాబట్టడం కష్టమైంది మూడోది. భయంలో ఉన్న మనిషికి గంటలు గుర్తుండవు. సిగ్గుతో ఉన్న మనిషి గుర్తున్నా చెప్పడు.

ఈ సంగతి నాకు తెలిసొచ్చింది తెలంగాణలో ఒక పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు. అక్కడ విషమంటే పురుగుల మందు, పత్తిచేను మీద కొట్టే ఆర్గానోఫాస్ఫేట్లు. స్ట్రెచర్ కన్నా ముందు వాసన వచ్చేది. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోట నురగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో గరగర. అట్రోపిన్ ఇచ్చి ఐదు నిమిషాలాగి ఛాతీ వినాలి, నాడి చూడాలి, చంక తడిమి చూడాలి. ఇంకా తడిగా ఉంటే మోతాదు రెట్టింపు. మళ్లీ ఐదు నిమిషాలు. గరగర తగ్గి, చంక పొడిబారిందంటే మందు పట్టిందని లెక్క. మంచం పక్కన స్టూలు వేసుకుని తెల్లవార్లూ కూర్చుంటే తప్ప ఆ చెయ్యి తిరగదు.

నా మొదటి కేసు ఒక రైతు. ఆయన అప్పటికింకా మాట్లాడగలుగుతున్నాడు. నేను అడిగిన మొదటి మాట ‘ఎందుకు తాగావయ్యా?’ అప్పటికే ఆ మాట చుట్టాలడిగారు, స్ట్రెచర్ తోసుకొచ్చినతను అడిగాడు, మెడికో లీగల్ రిజిస్టర్ రాసేవాళ్లూ అడిగారు. ఆయన గోడవైపు తిరిగాడు. ఇక ఏ మందో, ఎప్పుడో, ఒక్క ముక్క చెప్పలేదు. డబ్బా మర్నాడు ఎవరో సంచిలో పట్టుకొచ్చారు. ఆ రాత్రంతా మేం లక్షణాలు చూసి ఊహ మీద వైద్యం చేశాం. ఆయన బతికాడు. ఆ పొరపాటు మాత్రం నాదే. అప్పటినుంచి ‘ఎందుకు’ అన్నది నా నోట మొదట రాలేదు.

పారాసిటమాల్ విషయంలో గంట లెక్క మరీ ముఖ్యం. ఈ మందులో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని అణచడానికి గ్లూటాథయోన్ అనే పదార్థం అక్కడే సిద్ధంగా ఉంటుంది. మోతాదు మించితే ఆ నిల్వ ఖాళీ అయిపోతుంది. విరుగుడైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఆ నిల్వను మళ్లీ నింపుతుంది. ఈ విరుగుడును నరంలోకి ఎక్కించే పద్ధతిని 1970లలో ఎడిన్‌బరోలో లారీ ప్రెస్కాట్ నిలబెట్టాడు. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. అయితే అది అవసరమా కాదా తేల్చే రక్తం మాత్రం నాలుగు గంటలు నిండాకే తీయాలి. అంతకుముందు మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. వచ్చిన అంకెను 1975లో రూమాక్, మాథ్యూ గీసిన గ్రాఫులాంటి దానిమీద గుర్తుపెడతాం. అడ్డంగా గంటలు, నిలువుగా రక్తంలో మందు. గంట తప్పితే చుక్క తప్పు చోట పడుతుంది.

అందుకే అర్ధరాత్రి పన్నెండుంబావు దాకా ఆగాం. రూమ్మేట్‌కు ఆ ఆగడం అర్థంకాలేదు. ‘స్టమక్ వాష్ చెయ్యరా అక్కా?’ అని రెండుసార్లు అడిగింది. మనవైపు విషం అనగానే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించడం, ఆ తర్వాత ట్యూబు వేయడం. దాన్ని మామూలుగా చేయొద్దని అమెరికా, యూరప్ విషవైద్యుల సంఘాలు 1997లోనే చెప్పాయి. కక్కించినది ఊపిరితిత్తుల్లోకి పోతే అసలు విషం కన్నా అదే ప్రమాదం. ‘ఊరికే కూర్చోలేదమ్మా, గంట కోసం చూస్తున్నాం’ అని చెప్పాను. రక్తం ఫలితం ఆ గ్రాఫులో విరుగుడు ఇవ్వాలని చెప్పే గీతకు పైన వచ్చింది. సెలైన్ స్టాండుకు విరుగుడు తగిలించాం.

ఇంకో రకం విషంలో ఆగడానికి నిమిషం కూడా ఉండదు. 2023 నవంబరులో డబ్లిన్‌లో హెరాయిన్ పేరుతో నైటజీన్ అనే అతి తీవ్రమైన మందు అమ్ముడుపోయి, కొద్ది రోజుల్లోనే 50కి పైగా ఓవర్‌డోస్ కేసులు వచ్చాయి. అటువంటివాళ్లకు విరుగుడు నాలోక్సోన్. అది మనిషిని మేల్కొలపడానికి కాదు, ఊపిరి తీయించడానికి. గడియారం చూస్తూ ఛాతీ ఎన్నిసార్లు లేచిందో లెక్కపెడుతూ కొద్దికొద్దిగా ఇస్తాం. ఊపిరి తీసుకున్నాడు కదా అని వదిలేస్తే, గంటకల్లా నాలోక్సోన్ దిగిపోయి విషానిదే మళ్లీ పైచేయి అవుతుంది. ఇక్కడా గంటే.

తెలియని మందు ఎదురైతే ఫోన్ చేయడానికి బోమాంట్ ఆసుపత్రిలో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. డబ్లిన్‌లో ఆ సేవ 1966 నుంచి నడుస్తోంది. పిల్లవాడు బట్టలుతికే లిక్విడ్ గుళిక కొరికాడని భయపడ్డ తల్లికీ, డాక్టర్‌కీ అక్కడ ఒకే నిదానంతో సమాధానం దొరుకుతుంది. వాళ్లు అడిగేదీ ఆ మూడు ప్రశ్నలే.

వైద్యం ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలుకాదని కూడా ఈ దేశంలోనే నాకు బాగా అర్థమైంది. 2001 నాటి నిబంధనల ప్రకారం ఇక్కడ మామూలు దుకాణంలో పారాసిటమాల్ 12 మాత్రల పెట్టెకు మించి అమ్మకూడదు, మందుల షాపులో మామూలుగా 24. పొరుగునున్న బ్రిటన్ 1998లో ఇలాగే పెట్టె చిన్నది చేసింది. ఆ తర్వాతి 11 ఏళ్లలో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ మందుతో చనిపోయేవాళ్లు 43 శాతం తగ్గారని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. శ్రీలంక అతి ప్రమాదకరమైన పురుగుల మందులను 1995 నుంచి ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే ఆత్మహత్యలు పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. చావాలన్న ఆవేశం చాలామందిలో ఎక్కువసేపు నిలవదు. ఆ కాస్తసేపు చేతికి అందకుండా ఉంటే చాలు, మనిషి మిగులుతాడు. చేను గట్టున కొట్టంలో తాళం లేకుండా ఉన్న డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ మాటే మెదులుతుంది.

మరి ‘ఎందుకు’ అని ఎప్పుడూ అడగొద్దా? అడగాలి. విరుగుడు ఎక్కుతుండగా, స్టూలు దగ్గరికి లాక్కుని, తీరిగ్గా అడగాలి. ఐర్లండ్ 1993లో ఆత్మహత్యాయత్నాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదంటుంది. చట్టం మారినంత త్వరగా మన నోరు మారలేదు. ‘ఎంత పని చేశావే’ అన్న మాట ఇంకా మంచం పక్కనే తిరుగుతోంది. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా మనసు అటు లాగుతుంటే, ఇండియాలో 14416, ఐర్లండ్‌లో 116 123 రాత్రీ పగలూ పలుకుతాయి. ఎవరూ తిట్టరు.

నా డ్యూటీ ఎనిమిదింటికి అయిపోయింది. వెళ్లేముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లాను. ఎదురుగా ట్రేలో టీ, టోస్టు. విరుగుడు ఇంకా చుక్కచుక్కగా దిగుతోంది. ఇంకాసేపట్లో మానసిక ఆరోగ్య నర్సు వచ్చి కూర్చుంటుందని చెప్పాను. ఎలా ఉందని అడిగితే ఈసారి గ్రాండ్ అనలేదు. ‘బాలేదక్కా’ అంది. అది విని నాకు ధైర్యం వచ్చింది.

కర్టెన్ జరుపుతుంటే వెనకనుంచి పిలిచింది.

‘అక్కా, ఇండియాలో ఇప్పుడు టైమెంత?’

‘ఒంటిగంటన్నర.’

‘అమ్మ అన్నం తినుంటుంది’ అంటూ ఫోన్ చేతిలోకి తీసుకుంది.