న్యూట్రోఫిల్ చావులోని పనితనం

దెబ్బ తిన్న కణం ఉబ్బి, పగిలి, లోపలి సరుకంతా పక్క కణాల మీద గుమ్మరించి చస్తుంది. అక్కడ వాపు, నొప్పి మొదలవుతాయి. వేళ వచ్చి తనంతట తాను చనిపోయే కణం తీరే వేరు. ఇల్లు ఖాళీ చేసే మనిషి సామాను మూటలు కట్టినట్టు డీఎన్‌ఏను ముక్కలు చేసుకుని, కుంచించుకుపోయి, పై పొర చెదరకుండా చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు దీనికి ఎపోప్టోసిస్ అని పేరు పెట్టారు.

ఈ పనితనాన్ని దగ్గరగా చూడాలంటే న్యూట్రోఫిల్‌ను చూడాలి. పెద్దవాళ్ల తెల్ల రక్తకణాల్లో ఎక్కువ భాగం ఇవే. ఎముక మజ్జ రోజుకు సుమారు పదివేల కోట్లు తయారు చేస్తుంది. సూక్ష్మజీవిని మింగగానే న్యూట్రోఫిల్‌లోని ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ అందించి సూపరాక్సైడ్ పుట్టిస్తుంది. అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, దానినుంచి హైపోక్లోరస్ ఆమ్లం వస్తాయి. కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ క్రిములను చంపేది కూడా ఈ ఆమ్లంగా మారే. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి: శత్రువును చంపిన ఆ ఆక్సిడెంట్లే న్యూట్రోఫిల్‌కు ‘ఇక నీ పని అయింది’ అని చెప్పే కబురు కూడా.

దీనికి సాక్ష్యం ఒక జన్యులోపం ఇచ్చింది. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ ఉన్నవారి న్యూట్రోఫిళ్లు సూపరాక్సైడ్ తయారు చేయలేవు. కొన్ని సూక్ష్మజీవులు వాటికి చావవు, అది ఊహించగలిగిందే. ఆశ్చర్యమేమిటంటే, మింగే పని అయ్యాక ఆ న్యూట్రోఫిళ్లు వేళకు చావవు కూడా. ఆరోగ్యవంతుల న్యూట్రోఫిళ్లకు పెరాక్సైడ్‌ను విరగగొట్టే కాటలేజ్ కలిపి చూసినా, వాటి ఆయుష్షు పెరిగింది.

ఆయుష్షు పెరగడం మంచిదేగా అనిపిస్తుంది. కానీ న్యూట్రోఫిల్ నిండా కణజాలాన్ని కరిగించే ఎంజైములే. ఊపిరితిత్తుల్లో వేళ మించి తిష్ఠ వేస్తే అది ఆ ఊపిరితిత్తుల గోడలనే తింటుంది. సకాలంలో చనిపోతే, పొర లోపలి వైపు దాగిన ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వు బయటి వైపుకు తిరుగుతుంది. మాక్రోఫేజ్ అనే మరో రోగనిరోధక కణం ఆ గుర్తు చూసి దాన్ని మింగి, వాపును చల్లార్చే సంకేతాలు వదులుతుంది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది మోతాదు లెక్క. కణాన్ని లోపల కత్తిరించే కాస్పేజ్ ఎంజైముల పదును వాటిలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు గంధకం మీద ఆధారపడుతుంది. కొంచెం పెరాక్సైడ్ కత్తెరలను కదిలిస్తుంది. మరీ ఎక్కువైతే ఆ గంధకమే ఆక్సీకరణ చెంది కత్తెర మొండిబారుతుంది, కణం పగిలి చస్తుంది. కణంలోని గ్లూటాథయోన్ అనే యాంటీఆక్సిడెంట్ ఆ గంధకాన్ని కాపాడుతుంది. అంటే ఒకే యాంటీఆక్సిడెంట్ ఒక పరిస్థితిలో చావును వాయిదా వేస్తుంది, మరో పరిస్థితిలో చావు శుభ్రంగా జరగనిస్తుంది. ఈ పనికి కణం ఇంధనమైన ఏటీపీ కూడా కావాలి. అది అడుగంటితే మర్యాదగా చావడం కుదరదు.

మరో రకం తెల్ల రక్తకణాలైన టీ కణాల్లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. 1999లో డెన్వర్‌లో ఫిలిపా మరాక్, జాన్ కాప్లర్‌ల బృందం, సూపరాక్సైడ్‌ను తొలగించే మందు ఇచ్చి, ఉత్తేజితమైన టీ కణాలను చావునుంచి కాపాడి చూపింది. మోతాదు లెక్క బయటి పదార్థాలకూ వర్తిస్తుంది: వంటింటి పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో తక్కువ మోతాదులో ఆక్సిడెంట్లను అణచినా, ఎక్కువైతే కొన్ని కణాల్లో వాటిని పెంచి చావువైపు తోస్తుంది.

అందుకే ‘రోగనిరోధక శక్తిని పెంచే యాంటీఆక్సిడెంట్’ అని రాసిన సీసా చేతికి తీసుకుంటే, ఏ కణాన్ని, ఏ వేళ వరకు బతికిస్తుందని అడగండి. ఆ జవాబు లేనిదే ఆ మాటకు అర్థం లేదు.